పొగ తాగే అస్థిపంజరం: వాన్ గో చిత్రంలో హాస్యమూ మృత్యువూ

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉన్న, సుమారు 32 సెంటీమీటర్ల ఎత్తూ పాతిక సెంటీమీటర్ల లోపు వెడల్పూ గల ఒక చిన్న తైలవర్ణ చిత్రాన్ని ఏ కోవలో చేర్చాలన్న విషయంలో విమర్శకులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. విన్సెంట్ వాన్ గో 1886 తొలి నెలల్లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో వేసిన ఈ చిత్రంలో ఒక అస్థిపంజరం తల, మెడ, ఛాతీ పైభాగం కనిపిస్తాయి. దాని పళ్ల మధ్య ఒక సిగరెట్ కాలుతూ ఉంటుంది. దీన్ని కొందరు విద్యార్థి దశలోని కొంటెతనంగా తీసుకున్నారు, కొందరు యూరప్‌లో శతాబ్దాలుగా సాగిన మృత్యుస్మరణ చిత్రాల పరంపరలో చేర్చారు, మరికొందరు చిత్రకారుడు తన రోగపీడిత దేహాన్నే ఇలా చూపుకున్నాడన్నారు, ఈ కాలపు ప్రేక్షకుల్లో చాలామందికి ఇది పొగతాగడం మీద హెచ్చరికగా తోస్తుంది. ఈ నాలుగు వ్యాఖ్యానాల్లో దేనికి ఎంత ఆధారం ఉందో, అవి ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగవో పరిశీలిస్తే, చిత్రంలోని నవ్వు అసలు ఎక్కడి నుంచి పుడుతున్నదన్న ప్రశ్నకు ఈ నాలుగింటిలో ఏదీ పూర్తి సమాధానం కాదని తేలుతుంది.

మరణం, శవం, రోగం వంటి నవ్వకూడని సంగతుల మీద నవ్వు పుట్టించే పద్ధతిని పాశ్చాత్య విమర్శ డార్క్ హ్యూమర్ అంటుంది. ఫ్రెంచి కవి ఆంద్రే బ్రెతోఁ 1940లో ఈ తరహా రచనలను ఒక సంకలనంగా కూర్చిన తర్వాత ఆ మాటకు సాహిత్య శాస్త్రంలో స్థిరమైన చోటు దొరికింది. మన ఆలంకారికుల లెక్క వేరు. హాస్యానికి భయానకాన్నీ కరుణనూ విరోధ రసాలుగా చెప్పిన విశ్వనాథుడి సాహిత్యదర్పణం ప్రకారం చూస్తే శ్మశానంలో నవ్వు రసభంగమే అవుతుంది. అయితే ఈ విరోధ సూత్రమే పరోక్షంగా ఈ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది, ఎందుకంటే ఇక్కడ రెండు విరోధ భావాల్లో ఏ ఒక్కటీ రెండోదాన్ని మింగివేయదు. చూసేవాడు నవ్వబోయి ఆగుతాడు, జంకబోయి నవ్వుతాడు, ఆ ఊగిసలాటను చిత్రం ఎక్కడా తీర్చదు.

చిత్రాన్ని దగ్గరగా చూస్తే ఈ ఊగిసలాటకు కారణాలు కంటికే తెలుస్తాయి. నేపథ్యం గోధుమ నలుపుల మిశ్రమం. అందులోంచి ఎముకలు పసుపు, ఓకర్ మట్టిరంగు, బూడిద కలిసిన వెలుగుతో బయటికి వస్తాయి. రంగు పలచగా, వేగంగా పడింది. మెడ వెన్నుపూసలూ భుజాల దగ్గరి ఎముకలూ నాలుగైదు మోటు కుంచె దెబ్బలతో తేలిపోతాయి, అయినా ఎముక మీద ఎముక ఎలా కూర్చుంటుందో చిత్రకారుడికి బాగా తెలుసునని అర్థమవుతూనే ఉంటుంది. కనుగుంటలు చీకటి గుంతలే. వాటిలో ఏ భావాన్నీ పెట్టడానికి చిత్రకారుడు ప్రయత్నించలేదు. అలా వదిలేయడం వల్లనే భావమంతా దవడ దగ్గరికి చేరింది. పుర్రెకు పెదవులు ఉండవు కనుక పళ్లు ఎప్పుడూ బయటికే ఉంటాయి, ఆ స్థితి మనిషి కంటికి నవ్వులా కనిపిస్తుంది. ఈ శరీరధర్మపు నవ్వును వాన్ గో కల్పించలేదు. దాని మధ్య ఒక సిగరెట్‌ను ఇరికించి, అసంకల్పితమైన ఆ నవ్వును ఉద్దేశపూర్వకమైన ధీమాగా మార్చాడు. సిగరెట్ చివర నిప్పు ఉంది, దాని నుంచి సన్నని పొగ లేస్తోంది. పొగ పీల్చాలంటే ఊపిరితిత్తులు కావాలి, ఇక్కడ అవి ఉండవలసిన చోట పక్కటెముకల వెనక చీకటి మాత్రమే ఉంది. ఆరిన సిగరెట్ అయి ఉంటే చిత్రం మరోలా ఉండేది. వెలుగుతోంది కనుక ఎవరో దాన్ని ఇంతకు ముందే ముట్టించి ఉండాలి, ఇంకాసేపట్లో అది అయిపోవాలి, అంటే కాలం గడిచిపోయిన దేహం నోట్లో కాలం ఇంకా నడుస్తూ ఉంది.

చిత్రం పుట్టిన పరిస్థితి మొదటి వ్యాఖ్యానానికి బలమిస్తుంది. నెదర్లాండ్స్‌లోని నూనెన్ గ్రామం నుంచి 1885 నవంబరు చివర ఆంట్వెర్ప్ చేరిన వాన్ గో, 1886 జనవరిలో అక్కడి రాయల్ అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో చేరాడు. అప్పటి డైరెక్టర్ చిత్రకారుడు చార్లెస్ వెర్లా. రేఖాచిత్రం నేర్పిన ఉపాధ్యాయుల్లో ఒకడు యూజీన్ సీబెర్ట్. ఆనాటి అకాడమీ పద్ధతిలో విద్యార్థి ముందుగా గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ నకళ్లను చూసి గీయాలి, ఆకారం అంచుగీతను శుభ్రంగా పట్టుకోవాలి, ఆ తర్వాతే సజీవ మోడల్ దగ్గరికి వెళ్లాలి. ఎముకల అమరిక తెలియడానికి అస్థిపంజరాన్ని కూడా అభ్యాస వస్తువుగా పెట్టేవారు. ముప్పై రెండేళ్ల వయసులో, అప్పటికే 'పొటాటో ఈటర్స్' అనే చిత్రం వేసిన మనిషికి ఈ క్రమం విసుగనిపించింది. అంచుగీతను కాక ముద్దను, ఘనాన్ని పట్టుకోవాలన్నది అతని పంతం. ఈ విషయంలోనే సీబెర్ట్‌తో అతనికి కుదరలేదు. వీనస్ ప్రతిమను విశాలమైన కటిభాగంతో గీసి గురువుతో తగవు పడ్డాడన్న కథ సహపాఠుల జ్ఞాపకాల ద్వారా తర్వాతి కాలంలో ప్రచారంలోకి వచ్చింది. నెలన్నర తిరగకుండానే, ఫిబ్రవరి చివర అతను పారిస్ వెళ్లిపోయాడు.

అస్థిపంజరాన్ని గీయడం పాఠ్యక్రమంలో ఉంది, దాన్ని తైలవర్ణాల్లో చిత్రించడం అందులో లేదు. కాబట్టి ఈ చిత్రం తరగతి అభ్యాసం కాదనీ, పాఠాల మధ్య విరామంలోనో ఆ తర్వాతో వేసిన పరిహాసమనీ మ్యూజియం వివరణ. అదే కాలంలో అతను వేలాడదీసిన అస్థిపంజరాన్నీ ఒక పిల్లినీ కలిపి వేసిన రేఖాచిత్రం ఉండటం ఈ వివరణకు తోడ్పడుతుంది. శవపరీక్ష గదుల్లోనూ కళాశాలల్లోనూ అస్థిపంజరానికి టోపీ పెట్టడం, నోట్లో పైపు పెట్టడం, ఎదురుగా కూర్చుని పేకాడుతున్నట్టు నటించడం పందొమ్మిదో శతాబ్దపు విద్యార్థులకు అలవాటైన ఆటలే. వైద్య విద్యార్థుల పాత ఛాయాచిత్రాల్లో వీటి సాక్ష్యం ఉంది. ఆమాటకొస్తే శరీరశాస్త్రం తానే ఈ ఆటకు దూరంగా లేదు. 1543లో అచ్చయిన వెసేలియస్ గ్రంథంలోని ఒక అస్థిపంజరం సమాధి మీద మోచేయి ఆనించి మరో పుర్రెను చూస్తూ ఆలోచనలో పడుతుంది; 1747 నాటి అల్బైనస్ గ్రంథంలో యాన్ వాండెలార్ చెక్కిన అస్థిపంజరం వెనక ఒక ఖడ్గమృగం తాపీగా నిలబడి ఉంటుంది. అందువల్ల కొంటెతనం వాదాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. దాని లోపం మరోచోట ఉంది: ఆకతాయి పని అని పేరు పెట్టగానే చర్చ ముగిసినట్టు భావించడం. ఆట పట్టించడానికి నాలుగు గీతల పెన్సిల్ బొమ్మ చాలు. ఇంత తూకంగా వెలుగునూ చీకటినీ పేర్చి, తైలవర్ణాలతో కాన్వాసు మీద వేయవలసిన పని లేదు.

రెండో వ్యాఖ్యానం వెనక ఎంతో పెద్ద చరిత్ర ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్ ప్రాంతంలో, ముఖ్యంగా లైడెన్ విశ్వవిద్యాలయ నగరంలో, వానిటాస్ అనే ఒక తరహా నిశ్చల చిత్రాలు వృద్ధి చెందాయి. ఐహికమైనదంతా శూన్యమన్న బైబిల్ భావన నుంచి పేరు తెచ్చుకున్న ఈ చిత్రాల్లో ఒక బల్ల మీద పుర్రె, జేబుగడియారం, బోర్లాపడిన గాజు పాత్ర, పుస్తకాలు, వాద్యాలు, ఆరిన దీపం వంటివి పేర్చి ఉంటాయి. చూసేవాడు ఆ వస్తువుల నిగనిగలకు ముగ్ధుడవుతూనే అవన్నీ పోయేవేనని గుర్తు తెచ్చుకోవాలి. పీటర్ క్లాస్ 1628లో వేసిన, ప్రస్తుతం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న చిత్రంలో పళ్లూడిన పుర్రె ఉంది, కొడిగట్టిన దీపపు వత్తి ఉంది. హార్మెన్ స్టీన్‌వైక్ చిత్రాల్లోనూ ఈ సామగ్రే. పొగకు ఈ భాషలో ప్రత్యేకమైన అర్థం ఉంది: మనిషి దినాలు పొగలా కరిగిపోతాయన్న బైబిల్ కీర్తనల ఉపమానం వల్ల మట్టి పైపు, పొగాకు కూడా ఆ బల్ల మీదికి చేరాయి. ప్రొటెస్టంట్ మతబోధకుడి కొడుకైన వాన్ గోకు ఈ సంకేతాలు ఇంట్లో పెరిగిన మాటలు. అంతకు మించిన ఆధారమూ ఉంది. 1885 మార్చిలో తండ్రి మరణించాక, ఆ అక్టోబరులో అతను వేసిన నిశ్చల చిత్రంలో తండ్రి బైబిలు, దాని పక్కన ఆరిన కొవ్వొత్తి, ముందు ఎమిల్ జోలా నవల ఉన్నాయి. అదే నెలలో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి రైక్స్ మ్యూజియంలో ఫ్రాన్స్ హాల్స్, రెంబ్రాంట్‌ల చిత్రాలను తనివితీరా చూసివచ్చాడు. నాలుగు నెలల్లోపు అదే మనిషి చేతి నుంచి వచ్చిన పుర్రె, పొగ కేవలం యాదృచ్ఛికమని అనడం కష్టం.

అయితే వానిటాస్ చిత్రానికి కొన్ని కట్టుబాట్లున్నాయి, ఈ చిత్రం వాటిలో దేనినీ పాటించదు. అక్కడ పుర్రె ఒక వస్తువు. బల్ల మీద పడి ఉంటుంది, దాన్ని చూసి నేర్చుకోవలసినవాడు చూసేవాడే. అక్కడ భోగాలన్నీ పుర్రెకు పక్కన ఉంటాయి, పుర్రె వాటిని అనుభవించదు. ఇక్కడ మిగిలిన ఒకే ఒక భోగవస్తువు పుర్రె నోట్లోనే ఉంది. భోగం క్షణికమని చెప్పవలసిన సాక్షి తానే భోగిస్తూ కూర్చుంటే ఉపదేశానికి బలం ఎక్కడిది? మృత్యుస్మరణ సంకేతాలను వాన్ గో వాడుకున్నాడనడంలో తప్పులేదు గానీ, అవి ఏ పాఠం చెప్పడానికి పుట్టాయో ఆ పాఠాన్ని ఈ చిత్రం చెప్పదు.

చనిపోయినవాడు కదలడం, ఆడటం, వెక్కిరించడం మరో పరంపరకు చెందిన లక్షణాలు. పారిస్‌లోని ఇన్నోసెంట్స్ శ్మశానం గోడ మీద 1424, 1425 సంవత్సరాల్లో వేసిన బొమ్మలతో ప్రసిద్ధికెక్కిన మృత్యునృత్యం అనే ప్రక్రియలో అస్థిపంజరాలు రాజునూ పోపునూ రైతునూ పసిబిడ్డనూ చేయి పట్టుకుని తీసుకుపోతాయి. హాన్స్ హోల్బైన్ గీసి, 1538లో లియోన్ నగరంలో పుస్తకంగా వెలువడిన 41 చెక్క అచ్చు బొమ్మల్లో ఈ వ్యంగ్యం పరాకాష్ఠకు చేరింది. మఠాధిపతిని లాక్కుపోయే మృత్యువు ఆయన కిరీటాన్ని తానే పెట్టుకుంటుంది, ముసలి రైతు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం అతని నాగలి గుర్రాలను అదిలిస్తూ సాయపడుతున్నట్టు కనిపిస్తుంది. తెలుగు ప్రేక్షకుడికి ఇది కొంత పరాయిగా తోచడం సహజం. దహనం ఆచారమైన సమాజంలో చావుకు ఎముకల రూపం స్థిరపడలేదు. ఇక్కడ చావు దున్నపోతునెక్కి పాశం పట్టుకుని వచ్చే నిండైన దేవుడు, చిత్రగుప్తుడి చిట్టాలున్న కార్యాలయానికి అధికారి. 'యమగోల' నుంచి 'యమలీల' దాకా తెలుగు సినిమా చావు మీద నవ్వించినప్పుడల్లా ఆ కార్యాలయంలోని పొరపాట్ల మీదనే నవ్వించింది. యూరప్ నవ్వు అలా కాదు. నవ్వేది కూడా చచ్చిన మనిషే, రేపటి మనమే. హోల్బైన్ మృత్యువుకు ఒక ఉద్యోగం ఉంది, ఎవరినో ఒకరిని తీసుకుపోతూ ఉంటుంది. వాన్ గో అస్థిపంజరానికి ఆ పని కూడా లేదు. ఎవరి కోసమూ రాలేదు. తీరిక దొరికి ఒక సిగరెట్ తాగుతోంది.

బెల్జియం కళలో ఈ ధోరణికి దగ్గరి చుట్టాలున్నారు. ఆంట్వాన్ వీర్ట్జ్ 1847లో వేసిన, బ్రస్సెల్స్‌లోని అతని మ్యూజియంలో ఉన్న పెద్ద చిత్రంలో ఒక నగ్న యువతి అస్థిపంజరానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. పుర్రె మీద అతికించిన చీటీలో 'అందాల రోజీన్' అన్న పేరు ఉంటుంది. చీటీ చదివేదాకా అందగత్తె యువతే అనుకున్న ప్రేక్షకుడు ఆ ఒక్క వివరంతో మోసపోతాడు. ఓస్టెండ్ రేవు పట్టణంలో మాస్కులూ గవ్వలూ వింత వస్తువులూ అమ్మే ఇంట పెరిగిన జేమ్స్ ఎన్సోర్ మరింత ముందుకు వెళ్లాడు. 1888లో చేసిన ఒక ఎచింగ్‌లో, అంటే లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు తినిపించి తీసిన అచ్చులో, తాను నూరేళ్లు నిండే 1960 నాటికి ఎలా ఉంటాడో చూపుతూ తన ఎముకలను గీసుకున్నాడు. 1889 నాటి చిత్రంలో అస్థిపంజరాలు పొయ్యి చుట్టూ చేరి చలి కాచుకుంటాయి; 1891 నాటి చిన్న పలక మీద రెండు అస్థిపంజరాలు ఒక ఎండుచేప కోసం పళ్లతో గుంజుకుంటాయి, ఆ రెండూ తనను ఏకిపారేసిన విమర్శకులేనని చాలామంది గుర్తించారు. వీటన్నిటిలో చర్మం లేనివాడికి చలి, కడుపు లేనివాడికి ఆకలి, ఊపిరి లేనివాడికి పొగ, సూత్రం ఒక్కటే. తేదీలు చూస్తే వాన్ గో చిత్రం ఎన్సోర్‌వైన ఈ అస్థిపంజరాల కన్నా కనీసం రెండేళ్లు ముందుది, కనుక ఎన్సోర్‌ను చూసి వేశాడనడం కుదరదు. ఎన్సోర్‌కు శత్రువులు కనబడతారు, కథ ఉంటుంది, రంగులు కేరింతలు కొడతాయి. వాన్ గో దగ్గర కథ లేదు.

చిత్రకారుడి ఆరోగ్యం ఆధారంగా చేసే మూడో వ్యాఖ్యానానికి ఉత్తరాలే మూలం. ఆంట్వెర్ప్‌లో తినడానికి చాలినంత డబ్బు లేక, ఉన్నది రంగులకూ మోడళ్లకూ ఖర్చుపెట్టి, వాన్ గో బాగా చిక్కిపోయాడు. పది పళ్లదాకా పోయాయి లేదా పోయేలా ఉన్నాయనీ, దానివల్ల నలభై దాటినవాడిలా కనిపిస్తున్నాననీ, కడుపు ఖాళీ తెలియకుండా ఉండటానికి పొగ ఎక్కువ తాగుతున్నాననీ తమ్ముడు థియోకు 1886 ఫిబ్రవరిలో రాశాడు. నోట్లో పళ్లు రాలుతున్న మనిషి పళ్లన్నీ బయటపెట్టిన తలను వేయడం, ఆకలికి పొగను ఔషధంగా వాడుతున్న మనిషి ఆ తలకే సిగరెట్ ఇవ్వడం ఆసక్తికరమైన సంగతే. అయినా దీన్ని స్వీయ చిత్రమని తీర్మానించడం మితిమీరిన ఊహ. వాన్ గోకు ఇష్టమైనది పైపు; 1888లో తన ఖాళీ కుర్చీని చిత్రించినప్పుడు దాని మీద పెట్టింది పైపునూ పొగాకు పొట్లాన్నీ, చెవికి కట్టు కట్టుకున్న 1889 నాటి ఒక స్వీయ చిత్రంలో నోట్లో ఉన్నదీ పైపే. సిగరెట్ ఆ రోజుల్లో నగర యువకుల, కళాకారుల ఆడంబరానికి గుర్తు. సిగరెట్‌నూ ఎముకలనూ స్వీయ చిత్రాల్లోకి తెచ్చింది మరొకరు: నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ 1895లో సిగరెట్ పట్టుకున్న స్వీయ చిత్రాన్నీ, అదే ఏడు అడుగున ఎముకల చేయి ఉన్న స్వీయ ముఖాన్నీ విడివిడిగా వేశాడు.

పొగాకు వ్యతిరేక వ్యాఖ్యానం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పొగాకును నిందించినవారు 1886 నాటికి కొత్తవారేమీ కాదు. ఇంగ్లండు రాజు ఒకటో జేమ్స్ 1604లోనే దాని మీద ఒక కరపత్రం రాశాడు. కానీ సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని జనం నమ్మేలా చేసిన డాల్, హిల్ పరిశోధన 1950లోనూ, అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లోనూ వచ్చాయి. మృత్యుశయ్య మీద కూడా పైపు వదలని వాన్ గో ఆ ఉద్దేశంతో చిత్రం వేశాడనుకోవడానికి ఆధారం లేదు. భారతదేశంలో 2009 నుంచి సిగరెట్ పెట్టెల మీద బొమ్మ హెచ్చరికలు తప్పనిసరి కాగా, 2016 నుంచి అవి పెట్టె ముఖాల్లో 85 శాతాన్ని ఆక్రమించాయి కనుక, ఇక్కడి చూపు పుర్రెనూ సిగరెట్‌నూ కలిపి చూడగానే ఆ వైపు పోవడం అర్థం చేసుకోదగినదే. అమెరికా హాస్యరచయిత డేవిడ్ సెడారిస్ 2008లో వెలువరించిన, తాను పొగ మానిన వైనం కూడా ఉన్న వ్యాస సంపుటానికి ఈ చిత్రాన్నే ముఖచిత్రంగా వేశారు. పొగ మీద హెచ్చరిక ఈ చిత్రం అర్థం కాదు, చిత్రానికి తర్వాత తగిలిన చరిత్ర.

ఈ వ్యాఖ్యానాలన్నీ పుర్రె ఏమిటో, పొగ ఏమిటో అడిగాయి గానీ చిత్రం చట్రాన్ని తగినంత పట్టించుకోలేదు. వానిటాస్‌లో పుర్రె వస్తువు, మృత్యునృత్యంలో అస్థిపంజరం పాత్రధారి, అకాడమీ గదిలో అది నమూనా. ఇక్కడ అది రూపచిత్రానికి కూర్చున్న వ్యక్తి. ఛాతీ దగ్గర కోసిన చట్రం, కాస్త పక్కకు తిరిగిన తల, చీకటి నేపథ్యం, ముఖం మీద మాత్రమే వెలుగు. ఇదంతా హాల్స్, రెంబ్రాంట్ల కాలం నుంచి పెద్దమనుషుల బొమ్మలకు స్థిరపడిన పద్ధతి. ఆంట్వెర్ప్‌లో రూపచిత్రాలు వేసి పొట్టపోసుకోవచ్చన్న ఆశతో వచ్చిన వాన్ గో 1885 డిసెంబరులో ఒక వృద్ధుడి తలనూ, కొందరు స్త్రీల ముఖాలనూ ఇదే వేగంతో వేశాడు. మోడళ్లకు ఇచ్చుకోవడానికి డబ్బు చాలడం లేదని ఉత్తరాల్లో మాటిమాటికీ వాపోయిన ఆ చిత్రకారుడికి పైసా అడగకుండా, మెడ తిప్పకుండా ఎంతసేపైనా కూర్చునే మోడల్ అకాడమీలో దొరికింది! దానికి జీవకళ తేవాలంటే పెదవులూ కళ్లూ లేవు. ఒక సిగరెట్ ఆ పని చేసింది. రూపచిత్రం ఎప్పుడూ చేసే వాగ్దానం ఒకటుంది: మనిషి పోయినా పోలిక మిగులుతుంది. పోలికంతా పోయిన తర్వాతి ముఖాన్ని అదే పద్ధతిలో, అంతే గౌరవంతో చిత్రించడం వల్ల ఆ వాగ్దానం నవ్వులపాలవుతుంది. అకాడమీ మీది ఎత్తిపొడుపూ ఇందులోనే ఇమిడి ఉంది, ఎందుకంటే ప్రాణం లేని ప్లాస్టర్ నుంచి ప్రాణాన్ని గీయమన్న గదిలో, అంతకన్నా ప్రాణం లేని వస్తువుకు అతను ఊపిరి ఊదాడు.

ఈ తరహా పరిహాసం వాన్ గో తైలవర్ణాల్లో మళ్లీ రాలేదు. పారిస్‌లో 1887లో వేసిన రెండు పుర్రెల చిత్రాల్లో సిగరెట్ లేదు, చట్రం లేదు. ఉన్నవి లేతరంగు నేపథ్యం మీద ఎముకల కోణాలు మాత్రమే. మృత్యువు గురించి అతను చెప్పదలచుకున్నదాన్ని స్పష్టంగా రాసినది 1889 సెప్టెంబరులో, సాఁ రెమీ ఆసుపత్రి కిటికీ నుంచి కనబడిన పొలంలో కోతగాడిని చిత్రించినప్పుడు. కోయబడుతున్న పంట మానవజాతే అనుకుంటే ఈ కోతగాడు మృత్యువేననీ, అయినా ఈ చావులో విషాదం లేదనీ, పట్టపగలు బంగారు వెలుగులో జరిగే పని ఇదనీ, తాను పట్టుకోవాలనుకున్నది దాదాపు చిరునవ్వు లాంటిదనీ తమ్ముడికి రాశాడు. ఆంట్వెర్ప్ చిత్రాన్ని కుర్రతనమని పక్కనబెట్టే విమర్శకులు ఈ ఉత్తరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది: చావును నవ్వుతో కలిపి చూడటం అతనికి అకాడమీ గదిలో ఒక సాయంత్రం తోచి మరిచిపోయిన ఊహ కాదు, అయితే మూడున్నరేళ్ల తర్వాత ఆ నవ్వును పళ్ల మీద కాక పొలం మీది పసుపురంగులో వెతికాడు.